డీహెచ్‌టీ22 చదివినప్పుడల్లా సెవెన్ సెగ్మెంట్ డిస్‌ప్లే మినుక్కుమంటోంది, అంకెలు డల్‌గా ఉన్నాయి, ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. బాబాయి గారి కోళ్ల షెడ్డులో బ్రూడర్ (కోడిపిల్లల్ని వెచ్చగా ఉంచే చోటు) దగ్గర టెంపరేచర్ దూరం నుంచి కనబడేలా పెట్టాలి, దానికి ఆర్డుయినో ఉనో (చిన్న కంట్రోలర్ బోర్డు), డీహెచ్‌టీ22 సెన్సార్ (టెంపరేచర్, తేమ కొలిచేది), కోఠి గుజరాతీ గల్లీలో కొన్న 5461ఏఎస్ అనే నాలుగంకెల ఎర్ర డిస్‌ప్లే తీసుకున్నారు. కామన్ పిన్నులు (ఒక్కో అంకెలోని సెగ్మెంట్లన్నీ వచ్చి కలిసే పిన్ను) నాలుగింటికీ ఒక్కో 330 ఓమ్ రెసిస్టర్ పెట్టి నేరుగా ఉనోకి ఇచ్చారు, కోడ్‌లో లూప్ లోపలే ఒక్కో అంకె వెలిగించి 5 మిల్లీసెకన్ల డిలే ఇస్తున్నారు. అంకెలైతే వస్తున్నాయి గానీ డల్‌గా ఉన్నాయి, 1 వెలిగినంత బాగా 8 వెలగట్లేదు, పక్క అంకె నీడ పడుతోంది, పైగా రెండు సెకన్లకోసారి మొత్తం మినుక్కుమంటోంది. డిస్‌ప్లే పోయిందా, మార్చాలా, లేక టీఎం1637 మాడ్యూల్ (అంకెలు తిప్పే చిప్‌తో కలిపి వచ్చే డిస్‌ప్లే) కొనుక్కోవాలా?

డిస్‌ప్లే బాగానే ఉంది, మార్చొద్దు. మార్చాల్సినవి మూడు: రెసిస్టర్లు కామన్ దగ్గర కాదు సెగ్మెంట్ల దగ్గర ఉండాలి, కామన్ పిన్నులకి ట్రాన్సిస్టర్లు కావాలి, అంకెలు తిప్పే పని లూప్‌లోంచి తీసేసి టైమర్ ఇంటరప్ట్‌కి (చిప్‌లోని టైమర్ ఠంచనుగా మిగతా పని ఆపించి చేయించే చిన్న పని) అప్పగించాలి. ఇవి చేస్తే మీరు రాసిన నాలుగు కంప్లైంట్లూ పోతాయి. నేర్చుకునే ఓపిక లేదు, షెడ్డులో పని జరిగితే చాలు అంటే టీఎం1637 మాడ్యూల్ కొనేయండి, తప్పేం లేదు. కాకపోతే అందులో ఒక మెలిక ఉంది, కింద చెప్తా.

నేను బాలానగర్ వైపు ఒక చిన్న యూనిట్‌లో చాలా ఏళ్లుగా పానెల్ మీటర్లు, టోకెన్ బోర్డులు, కాటాల డిస్‌ప్లేలు చేస్తుంటా. రిపేర్‌కి వచ్చే బోర్డుల్లో ఎక్కువ శాతం ఇవే గొడవలు, అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నా.

ముందు డల్ సంగతి

మీ దాంట్లో ఒక అంకెకి మొత్తం కరెంట్ వెళ్లేది ఆ ఒక్క 330 ఓమ్ గుండానే. ఎర్ర ఎల్‌ఈడీ దగ్గర సుమారు 2 వోల్టులు పడతాయి, 5లోంచి తీసేస్తే 3 వోల్టులు మిగులుతాయి, 3ని 330తో భాగిస్తే 9 మిల్లీయాంప్స్. 1 చూపించేటప్పుడు వెలిగేది రెండు సెగ్మెంట్లే కాబట్టి తలా నాలుగున్నర వస్తుంది. 8 అయితే ఏడు సెగ్మెంట్లు, అదే తొమ్మిదిని ఏడుగురు పంచుకోవాలి, తలా ఒకటింపావుకి కాస్త పైన వస్తుంది అంతే. అందుకే 1 మెరుస్తుంది, 8 ఏడుస్తుంది. పైగా నాలుగంకెల్ని వంతులవారీగా వెలిగిస్తున్నారు కాబట్టి ఒక్కో అంకె వెలిగేది నాలుగో వంతు టైమే, అంటే కంటికి కనిపించే సగటు ఇంకా నాలుగో వంతుకి పడిపోతుంది. మూడోవంతు మిల్లీయాంప్‌తో వెలిగే ఎల్‌ఈడీ పగటి పూట షెడ్డులో ఏం కనిపిస్తుంది చెప్పండి.

కాబట్టి కామన్ దగ్గరున్న నాలుగు రెసిస్టర్లూ పీకేసి, ఏ నుంచి జీ వరకు ఏడు సెగ్మెంట్లకి, చుక్కకి ఒకటి, మొత్తం ఎనిమిది రెసిస్టర్లు పెట్టండి. 220 ఓమ్ పెట్టండి, 12 మిల్లీయాంప్స్ దాకా వస్తుంది. ఉనో మీదుండే చిప్ ఏటీమెగా328పీ డేటాషీట్‌లో పిన్నుకి 40 మిల్లీయాంప్స్ అని ఉంటుంది, కానీ అది దాటితే చిప్ పోతుందనే హద్దు, రోజూ నడిపే నంబర్ కాదు. 20 లోపు ఉంచితే నిశ్చింత. మొత్తం చిప్‌కి 200 అని ఇంకో హద్దు ఉంది, అది చాలామంది చూడరు.

ఇప్పుడు లెక్క చూడండి, ఎనిమిది సెగ్మెంట్లు ఒక్కోటి 12 అంటే మొత్తం 96 మిల్లీయాంప్స్, అదంతా వచ్చి ఒక్క కామన్ పిన్ మీద పడుతుంది. ఆ పిన్‌ని నేరుగా ఉనోకి కలిపితే 40 హద్దుకి రెట్టింపు దాటిపోయాం. మీకు ఇప్పటిదాకా ఏం కాలేదంటే కామన్‌లో ఉన్న 330 కాపాడింది. అది తీసేస్తున్నాం కాబట్టి ట్రాన్సిస్టర్ లేకుండా ఈ మార్పు చేయొద్దు.

ట్రాన్సిస్టర్ అనగానే అందరూ బీసీ547 తెచ్చుకుంటారు. దాని హద్దు 100 మిల్లీయాంప్స్, మన అవసరం 96, అంచు మీద నడపడం నాకిష్టం ఉండదు. అదే వరుసలో కాళ్లుండే బీసీ337 తీసుకోండి, ధర ఇంచుమించు అంతే, 800 దాకా తట్టుకుంటుంది. 2ఎన్2222 కూడా బాగుంటుంది గానీ ప్లాస్టిక్‌లో వచ్చేవాటికి కాళ్ల వరస కంపెనీని బట్టి మారిపోతుంది, మీటర్‌తో చూసుకోకుండా సోల్డర్ చేస్తే మళ్లీ పీకుడే. మీది కామన్ కాథోడ్ (సెగ్మెంట్ల మైనస్ కాళ్లన్నీ కలిసి ఉండే రకం) కాబట్టి ఎమిటర్ గ్రౌండ్‌కి, కలెక్టర్ డిస్‌ప్లే కామన్‌కి, బేస్‌కి 1 కే (1000 ఓమ్) రెసిస్టర్ ద్వారా ఉనో పిన్. అంతే. పిన్ హై చేస్తే అంకె వెలుగుతుంది. ఇంతకుముందు లో చేస్తే వెలిగేది కదా, ఇప్పుడు తిరగబడుతుంది, కోడ్‌లో అది మార్చుకోండి.

ఎవరికైనా కామన్ ఆనోడ్ (ప్లస్ కాళ్లు కలిసి ఉండే రకం) ఉంటే పీఎన్‌పీ ట్రాన్సిస్టర్, బీసీ327 లాంటిది, ఎమిటర్ 5 వోల్టులకి, బేస్ నుంచి 5 వోల్టులకి ఒక 10 కే. ఏ రకమో తెలియకపోతే మల్టీమీటర్‌ని డయోడ్ మోడ్‌లో పెట్టి నల్ల ప్రోబ్ కామన్ మీద, ఎర్రది మిగతా వాటి మీద తాకించుకుంటూ పోండి, వెలిగితే కాథోడ్, తిప్పితే వెలిగితే ఆనోడ్. మీ 5461ఏఎస్‌కి చివర ఏఎస్ అంటే కాథోడ్, బీఎస్ అంటే ఆనోడ్. కానీ మన మార్కెట్‌లో పేరుని నమ్మి బోర్డు గీయకండి, రెండూ ఒకే డబ్బాలో కలిసి ఉన్న లాట్లు చూశాను.

పిన్నుల వరస కూడా ఇక్కడే రాసేస్తా, వెతుక్కునే పని లేకుండా. అంకెలు మీవైపు, చుక్కలు కిందకి ఉండేలా పట్టుకుంటే కింద వరస ఎడమ నుంచి 1 ఈ, 2 డీ, 3 చుక్క, 4 సీ, 5 జీ, 6 నాలుగో అంకె కామన్. పై వరస కుడి నుంచి ఎడమకి 7 బీ, 8 మూడో అంకె, 9 రెండో అంకె, 10 ఎఫ్, 11 ఏ, 12 మొదటి అంకె. దీన్నీ ఒకసారి మీటర్‌తో సరిచూసుకోండి.

మినుకు ఎందుకొస్తోంది

ఇక్కడ రెండు వేర్వేరు మినుకులున్నాయి, కలిపేయకండి. ఒకటి ఎప్పుడూ ఉండే సన్నటి వణుకు. అంకెకి 5 మిల్లీసెకన్లు, నాలుగంకెలకి 20, అంటే సెకనుకి 50 సార్లే తిరుగుతోంది. అది కంటి చివరి చూపుకి తెలిసిపోతుంది, ముఖ్యంగా నడుస్తూ చూస్తే. నేనైతే 100 పైన ఉంచుతా. అంకెకి 2 మిల్లీసెకన్లు ఇస్తే ఒక రౌండ్ 8, అంటే సెకనుకి 125 సార్లు, హాయిగా ఉంటుంది. ఫోన్ కెమెరాలో చూసి ఇంకా గీతలొస్తున్నాయే అని కంగారు పడకండి, మల్టీప్లెక్స్ చేసిన, అంటే అంకెల్ని వంతులవారీగా వెలిగించే ఏ డిస్‌ప్లే అయినా కెమెరాలో అలా కనబడొచ్చు, కంటికి బాగుంటే చాలు.

రెండోది మీరు చెప్పిన రెండు సెకన్ల మినుకు. డీహెచ్‌టీ22ని రెండు సెకన్లకంటే తొందరగా చదవకూడదు కదా, మీ కోడ్ సరిగ్గా రెండు సెకన్లకోసారి చదువుతోంది. ఆ చదివే పని అయ్యేదాకా మీ లూప్ ఆగిపోతుంది. లూప్ ఆగితే అంకెలు తిప్పేవాడు లేడు, చివరగా వెలిగిన అంకె ఒక్కటీ వెలుగుతూ ఉండిపోతుంది, మిగతా మూడూ ఆరిపోతాయి. మల్టీప్లెక్సింగ్ అంటే సర్కస్‌లో కర్రల మీద పళ్లేలు తిప్పేవాడి పని లాంటిది, ఎవరో పిలిచారని అటు తిరిగితే పళ్లెం పడిపోతుంది.

అందుకే టైమర్ ఇంటరప్ట్. ఉనోలో టైమర్ 1ని సీటీసీ మోడ్‌లో (ఇచ్చిన లెక్క చేరగానే మళ్లీ సున్నా నుంచి మొదలయ్యే పద్ధతి) పెట్టి, ప్రీస్కేలర్ (చిప్ క్లాక్‌ని భాగించే అంకె) 64, కంపేర్ విలువ 499 ఇవ్వండి. 16 మెగాహెర్ట్జ్‌ని 64తో భాగిస్తే సెకనుకి 2,50,000 టిక్కులు, 500 టిక్కులకోసారి ఇంటరప్ట్ అంటే కరెక్ట్‌గా 2 మిల్లీసెకన్లు. సున్నా నుంచి లెక్క కాబట్టి 500 కాదు 499. ఒక సంగతి, సర్వో లైబ్రరీ కూడా ఈ టైమర్ 1నే వాడుకుంటుంది, 9, 10 పిన్నుల పీడబ్ల్యూఎం కూడా దీనిదే. రేపు షెడ్డులో కర్టెన్ కోసం సర్వో పెడదాం అనుకుంటే టైమర్ 2 వాడుకోండి.

ఇంటరప్ట్ లోపల చేయాల్సింది చాలా చిన్న పని, అదీ ఇదే వరసలో చేయాలి:

1. ఇప్పుడు వెలుగుతున్న అంకె ట్రాన్సిస్టర్ ఆపేయాలి.
2. తర్వాతి అంకెకి కావాల్సిన సెగ్మెంట్లు పెట్టాలి.
3. ఆ తర్వాత మాత్రమే తర్వాతి అంకె ట్రాన్సిస్టర్ ఆన్ చేయాలి.

మీ నీడ సమస్యకి మందు ఈ వరసే. మీ కోడ్‌లో ముందు కొత్త అంకె ఆన్ చేసి తర్వాత సెగ్మెంట్లు మారుస్తున్నారు, ఆ మధ్యలో పాత అంకె ఆకారం కొత్త స్థానంలో క్షణకాలం వెలుగుతుంది. క్షణమే కదా అనుకోవద్దు, ఉనోలో డిజిటల్‌రైట్ ఒక్కోటి నాలుగైదు మైక్రోసెకన్లు తీసుకుంటుంది, ఎనిమిది సెగ్మెంట్లకి 40 దాకా అవుతుంది, చీకట్లో ఆ 40 బ్రహ్మాండంగా కనిపిస్తుంది. వీలైతే పోర్ట్ రిజిస్టర్‌కి నేరుగా రాయండి, ఎనిమిదీ ఒకేసారి మారిపోతాయి. కాకపోతే ఉనోలో పోర్ట్ డీ మొత్తం వాడితే 0, 1 పిన్నులు కూడా పోతాయి, అవి సీరియల్ పిన్నులు, ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు అడ్డం వస్తాయి. నేను ఆ రెండూ వదిలేసి ఆరు సెగ్మెంట్లు పోర్ట్ డీలో, రెండు పోర్ట్ బీలో పెడతా, అంకెల ట్రాన్సిస్టర్లు ఏ0 నుంచి ఏ3కి ఇస్తా. అనలాగ్ పిన్నులని పేరేగానీ అవి మామూలు డిజిటల్ పిన్నుల్లా పనిచేస్తాయి.

పది అంకెలకీ నమూనాలు దశాంశంలో ఇవీ, ఏ సెగ్మెంట్ చిన్న బిట్ అనుకుని: సున్నాకి 63, ఒకటికి 6, రెండుకి 91, మూడుకి 79, నాలుగుకి 102, ఐదుకి 109, ఆరుకి 125, ఏడుకి 7, ఎనిమిదికి 127, తొమ్మిదికి 111. చుక్క కావాలంటే 128 కలపండి. డిగ్రీ గుర్తుకి 99, సీకి 57, ఎఫ్‌కి 113, మైనస్‌కి 64. కామన్ ఆనోడ్ వాళ్లు ప్రతి దాన్నీ 255లోంచి తీసేస్తే సరి.

భాగహారాలు, మాడ్యులోలు ఇంటరప్ట్‌లో పెట్టొద్దు. లూప్‌లో టెంపరేచర్ వచ్చినప్పుడు దాన్ని పదితో గుణించి, సగం (0.5) కలిపి పూర్ణాంకం చేసి, నాలుగు నమూనాలుగా విడగొట్టి నాలుగు బైట్ల అర్రేలో పడేయండి. ఆ సగం కలపడం మర్చిపోతే ఫ్లోట్ లెక్కల వల్ల కొన్ని విలువల దగ్గర ఒక పాయింట్ తక్కువ చూపిస్తుంది. ఇంటరప్ట్ ఆ అర్రేలోంచి ఒక బైట్ తీసి బయటికి పంపుతుంది అంతే. అర్రేకి వోలటైల్ అని రాయడం మరవద్దు, లేకపోతే కంపైలర్ తెలివి చూపించి మీ మార్పుల్ని పక్కన పెట్టే ప్రమాదం ఉంది. ఒక్కో బైటే కాబట్టి సగం రాసి సగం చదివే గొడవ ఉండదు. అదే మీరు రెండు బైట్ల నంబర్‌ని నేరుగా ఇంటరప్ట్‌తో పంచుకుంటే మాత్రం ఎనిమిది బిట్ల చిప్‌లో ఆ గొడవ వస్తుంది, ఆ కాసేపు ఇంటరప్ట్‌లు ఆపి రాయాలి.

ఇంతా చేశాక కూడా రెండు సెకన్లకోసారి సన్నటి మెరుపు ఒకటి మిగులుతుంది. డీహెచ్‌టీ లైబ్రరీ 40 బిట్లు చదివేటప్పుడు టైమింగ్ చెడకుండా ఇంటరప్ట్‌లన్నీ ఆపేస్తుంది, అది నాలుగైదు మిల్లీసెకన్లు. ఆ టైమ్‌లో ఒక అంకె రెట్టింపు సేపు వెలిగి తళుక్కుమంటుంది. దీనికి చిట్కా, సెన్సార్ చదివే ముందు టైమర్ ఇంటరప్ట్ ఆపి, నాలుగంకెలూ ఆర్పేసి, చదివాక మళ్లీ మొదలెట్టండి. నాలుగైదు మిల్లీసెకన్ల చీకటి కన్ను పెద్దగా పట్టించుకోదు, ఒక్క అంకె తళుక్కుమంటే మాత్రం ఇట్టే పట్టేస్తుంది. ఇంకా బాగుండాలంటే సెన్సార్ మార్చండి, డీఎస్18బీ20 అయితే ఇంటరప్ట్‌లని అంతసేపు ఆపదు. దాన్ని 12 బిట్లలో వాడితే కొలవడానికి 750 మిల్లీసెకన్లు పడుతుంది, కానీ కొలవమని చెప్పి వచ్చేసి తర్వాత వెళ్లి చదువుకోవచ్చు, అక్కడే నిలబడక్కర్లేదు. షెడ్డులో తేమ కూడా చూడాలనుకుంటే మాత్రం డీహెచ్‌టీ22 తప్పదు.

మరి టీఎం1637?

నిజం చెప్పాలంటే ఒక్క పీస్ చేసేవాళ్లకి నేను దీన్నే చెప్తా. చిప్ తనంతట తానే అంకెలు తిప్పుకుంటుంది, మీరు నాలుగు బైట్లు పంపి మర్చిపోవచ్చు, మీ డీహెచ్‌టీ ఎంతసేపు ఆపినా డిస్‌ప్లే కదలదు, 8 స్థాయిల వెలుతురు ఉంటుంది. రెండు వైర్లే. అవి చూడ్డానికి ఐస్క్వేర్‌సీ లాగే ఉంటాయి గానీ అడ్రస్ లేదు, చిన్న బిట్ ముందు వెళ్తుంది, కాబట్టి వైర్ లైబ్రరీతో ప్రయత్నించి టైం వేస్ట్ చేసుకోకండి, దాని లైబ్రరీ వేరే ఉంటుంది. ఇందాక చెప్తానన్న మెలిక ఇది: ఈ మాడ్యూల్స్ రెండు రకాలు. గడియారం రకంలో మధ్యలో రెండు చుక్కలు మాత్రమే ఉంటాయి, అంకెల పక్క దశాంశ చుక్క ఉండదు. అది కొంటే 35.2 అని చూపించలేరు, 352 అని చూసి బాబాయి గారు హడలిపోతారు. ప్రతి అంకె పక్కనా చుక్క ఉన్న రకం అడిగి తీసుకోండి.

చౌకగా దొరికే ఇంకో మాడ్యూల్ ఉంది, నాలుగంకెల వెనక రెండు 74హెచ్‌సీ595లు. ఇది కూడా అంతే కదా అని కొంటారు, కానీ కాదు. 595కి తిప్పడం రాదు, మీరు ఇచ్చిన బిట్లు పట్టుకు కూర్చుంటుంది, కాబట్టి దాన్ని మీ కోడే రెండు మిల్లీసెకన్లకోసారి తిప్పుతూ ఉండాలి. పిన్నులు కలిసొస్తాయి, మినుకు మాత్రం ఎక్కడికీ పోదు. 595కి ఇంకో హద్దు, చిప్ మొత్తం మీద 70 మిల్లీయాంప్సే. ఎనిమిది సెగ్మెంట్లకి 12 చొప్పున తీస్తే దాటేస్తుంది, 470 ఓమ్ పెట్టుకోవాలి.

మాక్స్7219 ఎనిమిదంకెలకి మంచి చిప్, కామన్ కాథోడ్‌కి మాత్రమే. ఒక్క రెసిస్టర్‌తో కరెంట్ అంతా సెట్ అవుతుంది, మామూలుగా 10 కే పెడతారు. డీకోడ్ మోడ్ ఆపి సొంత ఆకారాలు పంపేవాళ్లకి ఒక మాట, దాని బిట్ల వరస తిరగేసి ఉంటుంది, చిన్న బిట్ జీ సెగ్మెంట్‌ది, ఏ సెగ్మెంట్ పైనుంచి రెండోది. పైన నేనిచ్చిన నంబర్లు అక్కడ పని చేయవు. ఈఎస్‌పీ8266, ఈఎస్‌పీ32 లాంటి 3.3 వోల్టుల బోర్డులతో దీన్ని నేరుగా కలిపితే టేబుల్ మీద పనిచేసి సైట్‌లో మొండికేస్తుంది, ఎందుకంటే దాని ఇన్‌పుట్‌కి హై అనిపించుకోవాలంటే కనీసం 3.5 వోల్టులు కావాలి. మధ్యలో లెవెల్ షిఫ్టర్ (3.3 వోల్టుల సిగ్నల్‌ని 5కి పెంచేది) పెట్టండి.

డిప్లొమా పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ ల్యాబ్‌లో 8051 రకం కంట్రోలర్ చిప్, అంటే ఏటీ89ఎస్52 ఉంటుంది, దాని సంగతి వేరు. అది కరెంట్‌ని లోపలికి లాగగలదు గానీ బయటికి తోయలేదు, హై ఇచ్చినప్పుడు వచ్చేది మైక్రోయాంప్స్‌లోనే. పోర్ట్ 0కి అయితే అదీ ఉండదు, బయట 10 కే పుల్‌అప్ పెట్టాల్సిందే. కామన్ కాథోడ్ నేరుగా కలిపి వెలగట్లేదు సార్ అంటారు, వెలగదు మరి. కామన్ ఆనోడ్ వాడండి. అది కూడా పోర్ట్ 1, 2, 3కి ఒక్కోదానికి మొత్తం 15 మిల్లీయాంప్సే హద్దు కాబట్టి ఎక్కువ కరెంట్ కావాలంటే మధ్యలో యూఎల్ఎన్2803 పెట్టుకోండి.

షెడ్డు సంగతులు, ఇవే అసలువి

దూరం నుంచి కనబడాలన్నారు. మీ 5461ఏఎస్ అంకె ఎత్తు 0.56 అంగుళం, 14 మిల్లీమీటర్లు. నాలుగైదు మీటర్లు దాటితే చదవడం కష్టం, పెద్దవాళ్లకి ఇంకా ముందే. షెడ్డు గుమ్మం దగ్గర్నుంచి చూడాలంటే 2.3 అంగుళాలవి లేదా 4 అంగుళాలవి కావాలి. వాటిలో ఒక్కో సెగ్మెంట్‌లో ఎల్‌ఈడీలు వరసగా కొన్ని ఉంటాయి కాబట్టి 5 వోల్టులు చాలవు, 12 వోల్టులు ఇవ్వాలి. దానికి టీపీఐసీ6బీ595 పెట్టుకోండి, వాడకం మామూలు 595 లాగే, కానీ ఒక్కో అవుట్‌పుట్ 150 మిల్లీయాంప్స్ లాగుతుంది, 50 వోల్టుల దాకా తట్టుకుంటుంది, కామన్ ఆనోడ్ డిస్‌ప్లేకి సరిపోతుంది. అంకెకి ఒక చిప్ చొప్పున పెట్టి మల్టీప్లెక్సింగే మానేయండి. టోకెన్ బోర్డులన్నీ నేను ఇలాగే చేస్తా, ఖర్చు కొంచెం ఎక్కువైనా మినుకు, నీడ అనే మాటే ఉండదు, వెలుతురు కూడా పూర్తిగా వస్తుంది. పెద్ద అంకెల్లో చుక్కకి ఎల్‌ఈడీలు సెగ్మెంట్‌లో కంటే తక్కువ ఉండొచ్చు, దానికి రెసిస్టర్ విలువ వేరే లెక్కేసుకోండి, లేకపోతే చుక్క మాడిపోతుంది.

చిన్నదే చాలనుకుంటే డిస్‌ప్లే ముందు ముదురు ఎరుపు అక్రిలిక్ ముక్క పెట్టండి. రెసిస్టర్ తగ్గించి కరెంట్ పెంచడం కంటే ఇదే ఎక్కువ ఫలితం ఇస్తుంది, వెలగని సెగ్మెంట్లు కనబడకుండా పోతాయి. పదిమందిలో తొమ్మిదిమంది డల్ అని ఫోన్ చేసేది డల్ వల్ల కాదు, వెనక తెల్లటి సెగ్మెంట్లు కనబడటం వల్ల.

ఉనోకి 12 వోల్టుల అడాప్టర్ ఇస్తున్నారా? డిస్‌ప్లే, బోర్డు కలిపి 150 మిల్లీయాంప్స్ లాగితే ఉనో మీదున్న రెగ్యులేటర్ 7 వోల్టుల్ని వేడి కింద కక్కుతుంది, ఒక వాట్ పైనే. డబ్బా మూసేస్తే లోపల అంతా వేడి, సెన్సార్ కూడా అదే డబ్బాలో ఉంటే మీరు కొలిచేది షెడ్డుని కాదు డబ్బాని. మంచి 5 వోల్టుల మొబైల్ ఛార్జర్‌తో యూఎస్‌బీ నుంచి ఇవ్వండి, సెన్సార్‌ని బయట, కోడిపిల్లల వీపు ఎత్తులో వేలాడదీయండి.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ మోటార్లు ఆన్ ఆఫ్ అయినప్పుడు వచ్చే నాయిస్‌కి డిస్‌ప్లే చిప్‌లు పిచ్చి పిచ్చిగా ప్రవర్తిస్తాయి. మాక్స్7219 అయితే టెస్ట్ మోడ్‌లోకి వెళ్లి అన్ని సెగ్మెంట్లూ వెలిగించి కూర్చోవడం మామూలే. చిప్ పక్కనే 100 నానోఫారడ్ ఒకటి, 10 మైక్రోఫారడ్ ఒకటి పెట్టండి, అంతకన్నా ముఖ్యం, విలువ పంపిన ప్రతిసారీ సెట్టింగ్స్ కూడా మళ్లీ పంపండి. టీఎం1637కి కూడా అంతే, డిస్‌ప్లే ఆన్ కమాండ్ ప్రతిసారీ పంపితే తప్పిపోయినా రెండు సెకన్లలో దారిలోకి వస్తుంది. డిస్‌ప్లేకి, బోర్డుకి మధ్య వైర్లు మాత్రం పొడుగ్గా లాగొద్దు. కోళ్ల రెట్ట నుంచి వచ్చే అమ్మోనియా రాగిని తినేస్తుంది, పని అయ్యాక బోర్డు వెనక కన్ఫార్మల్ కోటింగ్ (బోర్డుని కాపాడే పూత) కొట్టండి, అది లేకపోతే వార్నిష్ అయినా సరే. సెన్సార్ రంధ్రాల మీద మాత్రం పడనివ్వకండి.

ఇక అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది. సెన్సార్ చదవడం ఫెయిలైతే పాత నంబర్ అలాగే ఉంచొద్దు. మీరు పెట్టిన కోడ్‌లో విలువ రాకపోతే ఏమీ చేయకుండా వెనక్కి వచ్చేస్తున్నారు, అంటే వైర్ తెగిపోయినా డిస్‌ప్లే 35.2 అనే చూపిస్తూ ఉంటుంది. బ్రూడర్‌లో మొదటి వారం 95 ఫారన్‌హీట్, అంటే 35 సెల్సియస్ దగ్గర పెట్టి వారానికి ఓ 5 ఫారన్‌హీట్ తగ్గించుకుంటూ వస్తారు, అర్ధరాత్రి హీటర్ ఆగిపోయి డిస్‌ప్లే మాత్రం 35.2 అంటుంటే పొద్దున్నకి కోడిపిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి పడి చచ్చిపోతాయి. వరసగా మూడు రీడింగులు రాకపోతే ఎర్రర్ చూపించండి, ఈకి 121, ఆర్‌కి 80, ఇంకో ఆర్‌కి 80, చివరి స్థానం ఖాళీ. కుదిరితే ఒక బజర్ కూడా. మీ దగ్గర సెగ్మెంట్లకి పోను ఒక పిన్ మిగులుతుంది ఎలాగూ.

డీహెచ్‌టీ22 తప్పు అటూ ఇటూ అర డిగ్రీ దాకా ఉంటుంది కాబట్టి చివరి అంకె 2, 3 మధ్య ఊగుతుంటే దాని గురించి బెంగ పెట్టుకోవద్దు, చివరి నాలుగు రీడింగుల సగటు చూపించండి, నిలకడగా ఉంటుంది. షెడ్డులో వాళ్లకి ఫారన్‌హీటే అలవాటైతే దశాంశం తీసేసి 95 పక్కన డిగ్రీ గుర్తు, ఎఫ్ పెట్టేయండి, నాలుగు స్థానాలకీ సరిగ్గా సరిపోతుంది.

ట్రాన్సిస్టర్లు పెట్టి, వరస మార్చాక కూడా నీడ కనబడితే ఏ అంకె నీడ ఎక్కడ పడుతోందో చూసి రాయండి. ఎడమ నుంచి కుడికి తిప్పుతున్నప్పుడు ఎడమ అంకె ఆకారం కుడి దాంట్లో కనబడితే సెగ్మెంట్లు మారకముందే అంకె ఆన్ అవుతోంది, కోడ్ చూడాలి. కుడి అంకె ఆకారం ఎడమ దాంట్లో కనబడితే ట్రాన్సిస్టర్ ఆరడానికి ఆలస్యం చేస్తోంది, ఆపిన తర్వాత సెగ్మెంట్లు మార్చే ముందు ఒక పది ఇరవై మైక్రోసెకన్లు ఆగితే పోతుంది.